రక్తములోని వ్రాత ఎవరి సొత్తు?

మనుష్యునకు తన దేహముకంటె సొంతమైన వస్తువు లేదని సామాన్యముగా తలంతుము. ఇల్లు తండ్రి కట్టినది. పొలము అన్నదమ్ములతో పంచుకొనవలసినది. పేరు సయితము పెద్దలు పెట్టినదే. కాని యీ దేహమును కట్టిన వ్రాత యెవరిదని యడిగినచో బదులు చెప్పుట సులభము కాదు. మన కణములలో డి.ఎన్.ఏ. అను పదార్థమున నాలుగే యక్షరములతో కూర్చబడిన గ్రంథమొకటి కలదు. దాని పరిమాణము సుమారు 300 కోట్ల యక్షరములు. అందొక ప్రతి తల్లినుండియు, ఒక ప్రతి తండ్రినుండియు వచ్చును. తల్లిదండ్రులనుండి వచ్చిన యీ వ్రాతలో సుమారు సగము తోడబుట్టినవారికి ఉమ్మడి. కాబట్టి నేను నా రక్తపుచుక్కను పరిశోధకులకిచ్చినచో నా చెల్లెలి వ్రాతలో సగమును ఆమె నడుగకయే యిచ్చినవాడనగుదును. ఇట్టి దానమునకు అనుమతి యీయవలసినవారెవరు?

ఇట్టి వ్రాతలను వేలకొలదిగ చదివి దాచు యంత్రములు వచ్చిన తరువాతనే యీ ప్రశ్నకు బలము కలిగినది. యంత్రము గ్రంథమును మొదటినుండి చివరివఱకు ఏకధాటిగ చదువదు. సాధారణముగ వాడబడు యంత్రములు నూటయేబది యక్షరముల ముక్కలుగ చదువును. తప్పులు పట్టుబడుటకై ప్రతిచోటును సగటున ముప్పదిమార్లు చదువుదురు. అనగా నొక్క మనుష్యునకు 9,000 కోట్ల యక్షరములు. పదివేలమందికైనచో 9 కోట్ల కోట్లు! ఈ ముక్కలనన్నిటిని కంప్యూటరు ఒక మాతృకతో పోల్చి వరుసగ నమర్చును. తాళపత్రగ్రంథములను పరిష్కరించినవారికి ఈ పని తెలియనిది కాదు. రాజమహేంద్రవరమున న్యాయాధికారిగ నుండిన బ్రౌనుదొర పెక్కు ప్రతులు తెప్పించి, పండితులచేత పాఠాంతరములను పోల్పించినట్లే యిదియు. అయితే మాతృకయే యేకపక్షముగ నున్న నేమి చేయవలెను? లోకమంతయు చిరకాలము వాడుకొనిన మానవమాతృకలో నూటికి డెబ్బదిపాళ్లు అమెరికాలో రక్తమిచ్చిన యొక్క మనుష్యునివి. 2023లో 47 మంది వ్రాతలతో క్రొత్త మాతృకయొకటి సిద్ధమైనది. మన దేశమున 2020లో ఆరంభమైన జీనోమ్ ఇండియా ప్రయత్నమున 83 జనవర్గములనుండి పదివేలమంది వ్రాతలను చదివిరి. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. సంస్థ అందు పాల్గొన్నది. ఆ ఫలితములను ఫరీదాబాదులోని భారతీయ జీవదత్తాంశకేంద్రమున నిలువచేసి, 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటు చేసిరి.

యంత్రము తాను మోయుచున్నదేమో యెఱుగదు. 'సెప్ట్ 2' అను పేరుగల జన్యువును చిట్టాలు వ్రాయు ఎక్సెల్ అను పరికరము సెప్టెంబరు 2వ తేదీగ మార్చివేయుచుండెను. ఇట్టి జన్యుపట్టికలను జతచేసిన పరిశోధనవ్యాసములలో సుమారు అయిదవవంతు ఈ విధముగ చెడినవని 2016లో నొక పరిశీలన తేల్చినది. తుదకు 2020లో పండితులు జన్యువుల పేర్లనే మార్చుకొనిరి. నవ్వుకొనదగిన సంగతియే. కాని పేరు తప్పినచో దిద్దుకొనవచ్చును. నమ్మకము తప్పినచో దిద్దుకొనుట కష్టము.

మన గోదావరిసీమకు దగ్గఱి సంగతి చెప్పెదను. శస్త్రచికిత్సకు ముందు కండరములను సడలించుటకై వైద్యులు సక్సినిల్ కోలీన్ అను మందు నిత్తురు. రక్తములోని బ్యూటిరిల్ కోలినెస్టరేజ్ అను పదార్థము దానిని కొలది నిమిషములలో విఱిచివేయును. ఆ పదార్థము లోపించినవారికి గంటలకొలది ఊపిరి తిరిగిరాదు. అంతసేపును యంత్రము చేతనే శ్వాస నడపవలెను. ఈ లోపము ఆర్యవైశ్యులలో ఇతరులకంటె సుమారు 100 రెట్లు అధికమని తేలినది. ఆ కులమువారికి పవిత్రక్షేత్రమైన పెనుగొండ పశ్చిమగోదావరిలోనిదే కదా. (వాసవీదేవి కథకును ఈ లెక్కకును ముడిపెట్టుట తగదు, ఇది అంతకంటె మిక్కిలి ప్రాచీనము.) ఎన్నడో కొలదిమంది మూలపురుషులనుండి ఒక సంఘము పెరిగి, వివాహములన్నియు లోలోపలనే జరుపుకొనినచో, ఆ కొలదిమందిలో నొకనియందున్న అక్షరదోషము వేలయిండ్లకు ప్రాకును.

ఇది యొక్క కులమువారి గొడవ యనుకొనరాదు. 2017లో వెలువడిన పరిశోధనలో 260కి పైబడిన దక్షిణాసియా వర్గములను పరిశీలింపగా, 81 వర్గములలో ఇట్టి స్థితియే కనబడినది. అదియు ఈ విషయమున ప్రసిద్ధులైన యూదులలోను ఫిన్లండువారిలోను ఉన్నదానికంటె తీవ్రముగ. మేనరికములు మానితిమి గనుక మాకు భయములేదని మన యిండ్లలో సంస్కారులు కొందఱు ధీమాగ నుందురు. మేనరికము రెండుమూడు తరముల దగ్గఱితనము. ఇది నూఱుతరముల దగ్గఱితనము. మేనమామ కూతురిని కాదని వేఱొక జిల్లాలోని స్వకులకన్యను తెచ్చుకొనినవాడు మొదటిదానిని తప్పించుకొనునుగాని రెండవదానిని పూర్తిగ తప్పించుకొనడు.

ఇట్లుండగా ఆ పరిశోధనలో కులము పేరు వ్రాయవచ్చునా? వ్రాయకున్నచో శస్త్రచికిత్సగదిలో మత్తువైద్యుడు అడుగవలసిన ప్రశ్న అడుగడు. వ్రాసినచో పెండ్లిండ్ల పేరయ్య అడుగరాని ప్రశ్న అడుగును. వ్రాయవలసినదే యని నా యభిప్రాయము. ప్రాణమునకును పరువునకును పోటీ వచ్చినప్పుడు సందేహింప పనిలేదు. కాని వర్గము పేరు వ్రాయుట వేఱు, వ్యక్తి గుట్టు బయటపెట్టుట వేఱు. పేరు తీసివేసితిమి గనుక ఆనవాలు దొరకదని పరిశోధకులు చెప్పు మాట మనవంటి దేశమున నమ్మదగినది కాదు. 2013లో కొందఱు శాస్త్రజ్ఞులు పేరులేని జన్యులిపులను బహిరంగముగనున్న వంశవృక్షములతో పోల్చి, యింటిపేరులు కనిపెట్టి, దాదాపు 50 మందిని గుర్తుపట్టిరి. అది యమెరికాలో. ఇక్కడ నింటిపేరు, గోత్రము, ఊరు, యీ మూడును తెలిసినచో నరసాపురమునుండి రాజమహేంద్రవరమువఱకు ఏ యమ్మాయి ఎవరి మనుమరాలో చెప్పుటకు యంత్రముతో పనియేలేదు.

ఈ చిక్కునకు ఒక మార్గము న్యూయార్కులోని యూదులు కనిపెట్టిరి. టే శాక్స్ అను వంశవ్యాధివలన నలుగురు బిడ్డలను పోగొట్టుకొనిన జోసెఫ్ ఎక్‌స్టైన్ అను మతగురువు 1983లో 'దోర్ యెషోరిం' అను సంస్థను నెలకొల్పెను. అందు యువతీయువకులకు చిన్నతనముననే పరీక్షచేసి, పేరు వ్రాయక యొక సంఖ్య నిత్తురు. సంబంధము వచ్చినప్పుడు ఇరువురి సంఖ్యలను చెప్పినచో, పొసగునా పొసగదా యని మాత్రము తెలుపుదురు. ఎవనియందు ఏ దోషమున్నదో ప్రచారము కానేరదు. మన జాతకపరిశీలనకంటె నిది యెంతయో మేలు.

అయితే సంస్కారప్రియులొక సంగతి గమనింపవలెను. వైద్యశాస్త్రమే కులాంతరవివాహములను విధించుచున్నదని వాదించుటకు ఇప్పుడు మనకు తొందర కలుగును. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు తొలి వితంతువివాహమును జరిపించిన కాలమున ధర్మశాస్త్రము లేమనుచున్నవని వాదములు సాగెను. నేడు జన్యుశాస్త్ర మేమనుచున్నదని సాగునేమో! ఎక్‌స్టైనుగారి పద్ధతి వచ్చినచో కులములోపలి వివాహము నిరపాయమగును. అప్పుడు రోగభయముపై కట్టిన మన వాదము కూలును. మనుష్యులు సమానులనుటకు ఈ వ్రాతను సాక్ష్యమునకు పిలువనక్కఱలేదు. పిలిచినను అది స్వచ్ఛరక్తగర్వమునకు అనుకూలముగ సాక్ష్యమీయదు: 2009లో సి.సి.ఎం.బి. వారును అమెరికా శాస్త్రజ్ఞులును కలిసి చేసిన పరిశోధనలో మన వర్గములన్నియు దాదాపు రెండు ప్రాచీనజాతుల మిశ్రమములేయని తేలినది. ఆ సమ్మిశ్రణము సుమారు 4,200 నుండి 1,900 సంవత్సరముల క్రిందట జరిగినదని 2013లో లెక్కగట్టిరి. గోడలు ఆ తరువాత లేచినవి.

ఇక మొదటి ప్రశ్న. పల్లెలో శిబిరము పెట్టి, ఎనుబదియేండ్ల ముదుసలిచేత వ్రేలిముద్ర వేయించుకొని రక్తము తీసినచో, ఆమె యిచ్చినది తనదిగాక మనుమరాలిదికూడ. మనుమరాలికి ఆ కాగితము చదువ వచ్చును. కాని యామెను పిలిచినవారు లేరు. 1951లో హెన్రీటా లాక్స్ అను పేద నీగ్రోవనిత శరీరమునుండి ఆమె కెఱుక లేకయే తీసిన కణములు ప్రపంచమంతట ప్రయోగశాలలలో పెరిగినవి. 2013లో వాటి జన్యులిపిని కుటుంబమువారి నడుగకయే ప్రకటించి, పిమ్మట నిందకు వెఱచి ఉపసంహరించుకొనిరి. ఆ సంవత్సరముననే అమెరికా ఆరోగ్యసంస్థ ఆ కుటుంబముతో నొడంబడిక చేసికొని, ఆ వ్రాతను కోరు పరిశోధకుల దరఖాస్తులను విచారించు సంఘమున కుటుంబీకుల నిద్దఱను చేర్చుకొనెను. చనిపోయినామె అనుమతి నిక నెవ్వరును తేలేరు. ఉన్నవారికి కుర్చీలు వేసిరి. మన పల్లెలనుండి రక్తము పట్టుకొనిపోవువారు తమ విచారణసంఘములలో ఆ పల్లెవారికి అట్టి కుర్చీలు రెండు వేయుటకు, అందొకటి ఇంటి ఆడువారికి ఉంచుటకు, ఏ యంత్రమును అడ్డు రాదు.