బద్ర్ గుర్తుంది, హుదైబియా గుర్తుందా?

ఆదివారం ఉదయం మా మస్జిదులో పిల్లలకు సీరత్ పాఠం చెప్పే బాధ్యత కొంతకాలంగా నా మీద ఉంది. ఒకరోజు దైవప్రవక్త (సఅసం) జీవితంలోని ముఖ్య సంఘటనలు చెప్పమని అడిగాను. బద్ర్, ఉహుద్, ఖందఖ్, ఖైబర్, హునైన్ అంటూ ఊపిరి తిప్పుకోకుండా చెప్పేశారు. బద్ర్‌లో మనవాళ్ళు 313 మంది అన్న సంగతి ఏడేళ్ళ పిల్లవాడికీ తెలుసు. "మరి హుదైబియా?" అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి పన్నెండేళ్ళ అబ్బాయి ఒకడు లేచి, "చాచా, అక్కడ యుద్ధం జరగలేదు కదా! మనవాళ్ళు ఉమ్రా కూడా చేయకుండానే వచ్చేశారు" అన్నాడు.

ఆ అబ్బాయిని తప్పుపట్టలేను. తప్పు కొంత పుస్తకాలది, ఎక్కువ భాగం మనం చెప్పే తీరుది. తొలికాలంలో ప్రవక్త జీవిత గాథలకు పెట్టిన పేరే 'మగాజీ', అంటే సైనిక యాత్రలు. హిజ్రీ 207లో మరణించిన వాఖిదీ గ్రంథం పేరు 'కితాబుల్ మగాజీ'. హుదైబియాను కూడా యాత్రల జాబితాలోనే చేర్చారు. ఇంట్లో పిల్లలకు కథ చెప్పే అమ్మకైనా, నాన్నకైనా యుద్ధం చెప్పడం సులువు. గుర్రాలుంటాయి, కత్తులుంటాయి, ఎవరు గెలిచారో చివర్లో తేలిపోతుంది. సంధిలో ఏముంటుంది? ఇద్దరు మనుషులు కూర్చుని ఒక పత్రంలోని మాటల కోసం వాదించుకోవడమే కదా!

అయితే మన గ్రంథాలలోనే మరో వరుస కూడా ఉంది. ఇమామ్ బుఖారీ (రహ్మ) హదీసు సంకలనంలో 'సుల్హ్' పేరిట, అంటే రాజీ కుదర్చడం గురించి, ఒక ప్రత్యేక ప్రకరణమే ఉంది. దాని వెంటనే వచ్చే షరతుల ప్రకరణంలో హుదైబియా వృత్తాంతం సవివరంగా ఉంది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) శిష్యుడు, హిజ్రీ 189లో మరణించిన ఇమామ్ ముహమ్మద్ షైబానీ యుద్ధం, సంధి, శరణు నియమాలపై 'సియర్' గ్రంథాలు రచించారు. ఇక 1908లో హైదరాబాదులో జన్మించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా గారు రెండు పనులూ చేశారు. ప్రవక్త కాలంనాటి యుద్ధక్షేత్రాలను స్వయంగా చూసి ఒక పుస్తకం రాశారు. ప్రవక్త (సఅసం), ఖలీఫాల కాలంనాటి ఒప్పందాలు, లేఖలు ఏరి ఒకచోట కూర్చి మరో పుస్తకం తెచ్చారు. ఈ రెండో పుస్తకం మన ఇళ్ళలో ఎంతమంది చేతుల్లోకి వచ్చిందో ఎవరికి వారే చూసుకోవాలి.

అసలు సంఘటనకు వద్దాం. హిజ్రీ 6వ సంవత్సరం (క్రీ.శ. 628) జుల్‌ఖాదా మాసంలో సుమారు 1400 మంది సహచరులతో దైవప్రవక్త (సఅసం) ఉమ్రా కోసం బయలుదేరారు. ఇహ్రాం దుస్తులు, వెంట ఖుర్బానీ పశువులు, ఒరల్లో కత్తులు. అంతే. మక్కా పొలిమేరలో హుదైబియా దగ్గర ఖురైషులు అడ్డుకున్నారు. రాయబారిగా వెళ్ళిన హజ్రత్ ఉస్మాన్ (రజి)ను చంపేశారన్న వదంతి వచ్చింది. అప్పుడు చెట్టు కింద సహచరులందరూ ప్రాణాలొడ్డి పోరాడతామని ప్రవక్త చేతిలో చేయివేసి ప్రమాణం చేశారు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఎందుకంటే, చేతగాక సంధి చేసుకున్నారని అనేవాళ్ళకు ఇదే సమాధానం. ప్రాణమివ్వడానికి సిద్ధపడిన 1400 మంది చుట్టూ ఉండగా ఆయన సంధిని ఎన్నుకున్నారు.

ఖురైషుల తరఫున సుహైల్ బిన్ అమ్ర్ వచ్చాడు. హజ్రత్ అలీ (రజి) ఒప్పందం రాస్తున్నారు. కరుణామయుడు, కృపాశీలుడు అన్న దైవనామాలు మొదట్లో ఉండకూడదన్నాడు సుహైల్. సరేనన్నారు ప్రవక్త (సఅసం). 'అల్లాహ్ ప్రవక్త ముహమ్మద్' అన్న మాటను కూడా అతను ఒప్పుకోలేదు. మిమ్మల్ని ప్రవక్త అని నమ్మితే కాబాకు రాకుండా ఎందుకు ఆపుతామన్నాడు. ఆ మాట కొట్టేయడానికి అలీ (రజి)కి చేతులు రాలేదు. అది ఎక్కడుందో చూపించమని అడిగి, ప్రవక్త (సఅసం) తన చేత్తోనే చెరిపేశారు. తండ్రి పేరుతో 'ముహమ్మద్ బిన్ అబ్దుల్లాహ్' అని రాయించారు. మన ఇళ్ళలో ఆస్తి పంపకాల కాగితం మీద ఎవరి పేరు ముందుండాలన్న దగ్గరే అన్నదమ్ముల మాటలు ఆగిపోయిన సందర్భాలు నేను చూశాను.

షరతులు ఇవి: పదేళ్ళు యుద్ధం ఉండదు. ఈ ఏడాది వెనక్కి వెళ్ళాలి, వచ్చే ఏడాది వచ్చి మూడు రోజులుండవచ్చు. మక్కా నుంచి పెద్దల అనుమతి లేకుండా మదీనాకు పారిపోయి వచ్చిన మనిషిని తిరిగి అప్పగించాలి. మదీనా నుంచి మక్కాకు వెళ్ళినవాణ్ణి మాత్రం వాళ్ళు అప్పగించరు.

ఈ చివరి షరతు దగ్గరే మనసు ఆగిపోతుంది. సంధి మాటలు నడుస్తుండగానే సుహైల్ సొంత కొడుకు అబూ జందల్ (రజి) కాళ్ళకు సంకెళ్ళతో ఈడ్చుకుంటూ వచ్చి ముస్లిముల మధ్య పడ్డారు. ఇస్లాం స్వీకరించినందుకు తండ్రే బంధించి హింసించాడు. ఈయన్ని మాత్రం వదిలిపెట్టమని ప్రవక్త (సఅసం) మళ్ళీ మళ్ళీ అడిగారు. సుహైల్ ఒప్పుకోలేదు. అబూ జందల్ సాటి విశ్వాసులను పేరుపేరునా వేడుకుంటుండగానే ఆయన్ని వెనక్కి తీసుకుపోయారు. ఓర్చుకోమని, అల్లాహ్ దారి చూపుతాడని, ఇచ్చిన మాట తప్పలేమని ప్రవక్త (సఅసం) ఆయనకు చెప్పారు.

శాంతి గురించి రాసేవాళ్ళు చాలామంది ఈ ఘట్టాన్ని రెండు వాక్యాల్లో దాటేస్తారు. అది సరికాదని నా అభిప్రాయం. శాంతికి మూల్యం ఉంటుంది. ఆ మూల్యాన్ని ఎక్కువసార్లు చెల్లించేది సంతకం పెట్టినవాళ్ళు కాదు, సంకెళ్ళలో ఉన్నవాళ్ళు. అలాంటప్పుడు ఒక మనిషిని హింసకు అప్పగించే శాంతి న్యాయమైనదేనా? హజ్రత్ ఉమర్ (రజి) అంతటివారు ఈ ప్రశ్నతోనే కుతకుతలాడిపోయారు. మనం సత్యం మీద లేమా, మరి ధర్మ విషయంలో ఈ తలవంపు ఎందుకని ప్రవక్తనే అడిగారు. తర్వాత హజ్రత్ అబూబక్ర్ (రజి)నూ అడిగారు. ఆనాడు అలా మాట్లాడినందుకు పశ్చాత్తాపపడి ఎన్నో దానధర్మాలు, ఉపవాసాలు, నమాజులు చేశానని, బానిసలను విడిపించానని ఆ తర్వాత ఆయనే చెప్పుకున్నారు.

నాకు అర్థమైనంతలో సమాధానం ఇది. మాట తప్పితే అబూ జందల్ ఒక్కరే బయటపడేవారు. ఆపైన యుద్ధం మొదలయ్యేది. అప్పటికి మక్కాలో విశ్వాసాన్ని దాచుకుని బతుకుతున్న స్త్రీ పురుషులు ఆ యుద్ధంలో తెలియక తొక్కబడేవారు. ఫతహ్ సూరాలో అల్లాహ్ ఈ కారణాన్నే తెలిపాడు. అంటే అబూ జందల్‌ను బలిపెట్టింది పరువు కోసమో, వ్యాపారం కోసమో కాదు. ముఖాలు తెలియని వేరే అబూ జందల్‌ల కోసం. అయినా అది బాధే. ఆ బాధను ఎవరూ సంబరంగా చెప్పుకోలేదు. ఖుర్బానీ ఇచ్చి తలలు గొరిగించుకోమని ప్రవక్త (సఅసం) మూడుసార్లు చెప్పినా ఒక్కరూ లేవలేదంటే ఆ దుఃఖం ఎంతటిదో ఊహించండి. అప్పుడు దారి చూపింది విశ్వాసుల మాత హజ్రత్ ఉమ్మె సలమా (రజి). ఎవరితోనూ మాట్లాడకుండా ముందు మీ పశువును మీరు జబహ్ చేయండి, క్షురకుణ్ణి పిలిపించుకోండని ఆమె సలహా ఇచ్చారు. ఆయన అలా చేయగానే అందరూ లేచారు.

షరతును అక్షరాలా పాటించడం ఒకటి, దాన్ని అవతలివాళ్ళు కోరినంత సాగనివ్వడం మరొకటి. బుఖారీ కథనంలో షరతు మాట 'ఏ పురుషుడు వచ్చినా' అని ఉంది. ఉమ్మె కుల్సూమ్ బిన్తె ఉఖ్బా (రజి) లాంటి విశ్వాస స్త్రీలు వలస వచ్చినప్పుడు వాళ్ళను తిప్పి పంపవద్దని ముమ్తహినా సూరాలో ఆదేశం వచ్చింది. దాంతోపాటే, వాళ్ళ భర్తలు ఖర్చుపెట్టిన మహర్‌ను తిరిగి చెల్లించమన్న ఆదేశం కూడా వచ్చింది. శత్రువు డబ్బు కూడా శత్రువుకు చేరాలి!

అవతలివాడు మోసం చేస్తే? మా తరగతిలో పిల్లలూ ఇదే అడిగారు. శత్రువు శాంతికి మొగ్గితే మీరూ మొగ్గండని చెప్పిన అన్‌ఫాల్ సూరా, వెంటనే తర్వాతి ఆయతులో ఈ అనుమానాన్నే ఎత్తుకుంది. వాళ్ళ మనసులో మోసమున్నా నీకు అల్లాహ్ చాలు అన్నది దాని భావం. మోసం జరగదని కాదు. జరిగింది కూడా. ఖురైషుల అండతో బనూ బక్ర్ తెగ, ముస్లిముల మిత్రులైన ఖుజాఆ తెగ మీద దాడి చేసింది. పదేళ్ళ సంధి రెండేళ్ళకే తెగిపోయింది. కానీ ఆ రెండేళ్ళలో దారులు తెరుచుకున్నాయి. మనుషులు భయం లేకుండా కలుసుకున్నారు, మాట్లాడుకున్నారు, విన్నారు. హుదైబియాకు 1400 మందితో వెళ్ళిన ప్రవక్త (సఅసం) వెంట హిజ్రీ 8లో మక్కాకు 10,000 మంది నడిచారని ఇబ్నె హిషామ్ ఎత్తిచూపారు. అబూ జందల్ కూడా ఆలోగానే తప్పించుకున్నారు. సముద్రతీరంలో అబూ బసీర్ (రజి)తో చేరి ఖురైషుల బిడారులకు నిద్ర లేకుండా చేశారు. చివరికి ఆ షరతు మాకొద్దని, వాళ్ళను మీ దగ్గరికే పిలిపించుకోమని ఖురైషులే బతిమాలుకోవలసి వచ్చింది.

ఇదంతా చెప్పాక ఆ పన్నెండేళ్ళ అబ్బాయి, "మరి ఆ సుహైల్ ఏమయ్యాడు చాచా?" అని అడిగాడు. మంచి ప్రశ్న. బద్ర్‌లో సుహైల్ బందీగా చిక్కినప్పుడు, ఇస్లాంకు వ్యతిరేకంగా ఇక ప్రసంగాలు చేయకుండా అతని ముందు పళ్ళు పీకేయనివ్వండని ఉమర్ (రజి) కోరారు. ప్రవక్త (సఅసం) వద్దన్నారు. ఎప్పుడో ఒకరోజు అతను నీకు నచ్చే మాట కూడా చెప్పవచ్చన్నారు. మక్కా విజయం తర్వాత సుహైల్ ముస్లిం అయ్యారు. ప్రవక్త (సఅసం) మరణవార్త మక్కాకు చేరి జనం ధర్మం నుంచి జారిపోబోతున్న వేళ, ఆయనే లేచి నిలబడి మాట్లాడి వాళ్ళను ఆపారు.