స్మృతి తప్పినవేళ స్మరించువాడు

మానవునకు భగవంతుడు ప్రసాదించిన వరములలో స్మృతి, వాక్కు పరస్పరాశ్రితములు. స్మృతి సడలినచో ఆ సడలింపు తరచుగా మాటలో పొడసూపును. వార్ధక్యమున కలుగు సామాన్యమైన మరపు వేరు, డిమెన్షియా అను వ్యాధి వేరు. ఈ వ్యాధిని తొలిదశలోనే గుర్తింపదలచి శాస్త్రజ్ఞులు నేడు సంభాషణను యంత్రముచే పరిశీలింపజేయుచున్నారు. ఇంగ్లండులోని షెఫీల్డు విశ్వవిద్యాలయమువారి 'కాగ్నోస్పీక్' ఇట్టిదే. కంప్యూటరు తెరపై ఒక మూర్తి ప్రశ్నలడుగును. వృద్ధులు చెప్పు సమాధానములలోని విరామములను, పునరుక్తులను, తడబాటును యంత్రము గణించును. అది హెచ్చరిక మాత్రమే, రోగనిర్ణయము వైద్యునిదే.

ఇచట ఒక ధర్మసందేహము. పెద్దల మాటను యంత్రమునకు అప్పగించుట ఉచితమా?

విజయవాడ మొదలు దివిసీమ వరకు సంతానము విదేశములలో ఉండగా తల్లిదండ్రులు మాత్రమే మిగిలిన ఇండ్లు అనేకము. ఫోనులో అడుగు కుశలప్రశ్నలకు వచ్చు సమాధానములు ఎల్లప్పుడును ఒకే తీరు. వాని చాటున వ్యాధి దాగియుండవచ్చును. విటమిన్ బి12 లోపము, థైరాయిడ్ మాంద్యము, మనోవ్యాకులత వలన కలిగిన మరపు చికిత్సచే తగ్గవచ్చును. కావున తెలిసికొనుటలో మేలు కలదు.

అయినను యంత్రమునకు మన ఇంటి మాట తెలియవలెను. మన పెద్ద ముత్తైదువలలో అనేకులు భర్త పేరు ఉచ్చరింపరు; 'ఆయన', 'వారు' అందురు. పేరునకు బదులు సర్వనామము వచ్చుట వ్యాధిలక్షణమని నేర్చిన యంత్రము ఆ మర్యాదను మరపుగా భ్రమింపవచ్చును. బాల్యమున కంఠస్థమైన విష్ణుసహస్రనామమును తడబడక పఠించు పెద్దలు ఉదయము భుజించినది మరచియుండవచ్చును. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందము 648 మంది రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడువారిలో ఈ వ్యాధి సుమారు నాలుగున్నర సంవత్సరములు ఆలస్యముగా పొడసూపినదని 2013లో ప్రకటించెను. చదువురానివారిలోను ఇట్లే కనిపించినది. మనవారి మాటను మన భాషలలోనే పరీక్షింపవలెననుటకు ఇంతకన్న నిదర్శనమేల?

పెద్దలకు తెలియకుండ వారి మాటలను రికార్డు చేయుట ధర్మము కాదు. కారణము చెప్పి, అనుమతి గైకొని, వైద్యుని కడకు తోడుగా వెళ్లుట పుత్రధర్మము. పలు కుటుంబములు వ్యాధిని దాచుటకు సిగ్గు ఒక కారణము. అంత్యమున నామస్మరణ తప్పునేమో అను భయము మరియొకటి. ఆ భయమునకు సమాధానము వరాహ చరమశ్లోకమున కలదు. మనస్సు స్వస్థముగా నున్నపుడు తన్ను తలచిన భక్తుడు అవసానమున కట్టెవలె, రాతివలె పడియున్నను, తానే అతనిని స్మరించి పరమపదమునకు చేర్చెదనని స్వామి భూదేవికి అభయమొసగెను. తిరుమలలో తొలి దర్శనము ఆ స్వామిదే కదా!

భక్తుని స్మృతి నశించినను భగవంతుని స్మృతి నశింపదు. కావున పరీక్షకు జంకనేల? యంత్రము మాటలోని లోపమును లెక్కింపగలదు. నూరవసారి అడిగిన ప్రశ్నకు విసుగక బదులు చెప్పుట బిడ్డల వంతు. మరచినవారిని తాము మరువకుండుట, స్వామి చేయుచున్న కార్యములో పాలుపంచుకొనుటయే యగును.