స్నేహితుని యెదుట సాక్ష్యము

(పఠన భాగములు: యోహాను 1:35–51, మార్కు 10:17–22, 1 పేతురు 3:13–17)



గడివేముల ప్రాంతపు పల్లెల నుండి మన పిల్లలు పై చదువుల కొరకు నంద్యాలకును, కర్నూలుకును, అంతకంటె దూరపు పట్టణములకును వెళ్లుచున్నారు. కొందరు దినదినము బస్సులో పోయి వచ్చుదురు. కొందరు హాస్టళ్లలో నుందురు. ఒక గదిలో నలుగురు పిల్లలుందురు. నాలుగు ఊళ్లు, నాలుగు కులములు, ఒక్కొక్కచోట మూడు మతములు. ఇంటినుండి తెచ్చిన ఊరగాయ అందరిదగును, ఒకరి నోట్సు అందరిదగును. ఇట్టి పిల్లలు పండుగ సెలవులకు వచ్చినప్పుడు మమ్మును తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "అయ్యగారూ, మా రూములో ఉండేవాళ్లకు ప్రభువు సంగతి చెప్పల్లా వద్దా? చెప్తే, దీనికోసమేనా నాతో స్నేహం చేసింది అంటారు. చెప్పకుంటే ప్రభువును ఎరగనన్నట్టే గదా?"

ఇది చిన్న ప్రశ్న కాదు. ఇందులో రెండు భయములున్నవి. స్నేహితుని వంచింతునేమో అనునది ఒకటి. ప్రభువును దాచుదునేమో అనునది రెండవది. రెండును న్యాయమైనవే. వీటిలో ఒక్కటియైనను లేనివాడు సాక్ష్యమునకు ఇంకను సిద్ధపడలేదని మా తలంపు. కాబట్టి ఈ నెల ఈ సంగతిని వాక్యపు వెలుగులో ధ్యానించుదము.

యోహాను సువార్త మొదటి అధ్యాయములో అంద్రెయ మొదట తన సహోదరుడైన సీమోనును కనుగొని యేసునొద్దకు తోడుకొని వచ్చెను. ఫిలిప్పు నతనయేలును కనుగొని తాను కనుగొనిన వానిని గూర్చి చెప్పెను. నతనయేలు నజరేతు ఊరిని చులకన చేసి మాటలాడెను. అప్పుడు ఫిలిప్పు కోపగించుకొనలేదు, వాదమునకు దిగలేదు, వచ్చి చూడమని మాత్రమే చెప్పెను. వచ్చుటయు మానుటయు నతనయేలు వశముననే యుండెను. తరువాత జరిగినది మరింత గమనింపదగినది. ఫిలిప్పు పిలువక మునుపే, అంజూరపు చెట్టు క్రింద నున్నప్పుడే, ప్రభువు నతనయేలును చూచియుండెను. అనగా సాక్షికంటె ముందుగా ప్రభువు ఆ స్నేహితుని యొద్దకు చేరియున్నాడు. దీనిని నమ్మిన విద్యార్థికి తొందర యుండదు, బలవంతము చేయవలసిన పనియు నుండదు.

అయితే ఈ విషయములో మన యువజనులు రెండు తప్పు త్రోవలు త్రొక్కుదురు.

మొదటిది, స్నేహమును ఎరగా వాడుట. కుందూ ఒడ్డున గాలము వేయువాడు చేపకు ఆకలియైనదని జాలిపడి ఎర వేయడు. ఆ ఎర చేప కొరకు కాదు, తన కొరకే. ఒక విద్యార్థి తోటివానికి జ్వరము వచ్చినప్పుడు గంజి కాచి యిచ్చి, పరీక్ష రుసుము చాలనప్పుడు చేబదులు ఇచ్చి, ఆ మేలును మనసులో లెక్క వ్రాసికొని, ఆదివారము కూటమునకు రమ్మని అడిగినయెడల, అతడు గంజిలో గాలము దాచినవాడగును. పిలువబడినవాడు రాననుటకు మొగమాటపడును. వచ్చినను ఋణము తీర్చుకొనుటకు వచ్చును. జర్మను తత్త్వవేత్త ఇమాన్యుయేల్ కాంటు, 1785లో ప్రచురించిన నీతిశాస్త్ర గ్రంథమునందు, ఏ మనుష్యునిగాని కేవలము ఒక సాధనముగా వాడరాదని బోధించెను. తత్త్వవేత్త చెప్పకపోయినను, పొరుగువానిని తనవలె ప్రేమించుమను ఆజ్ఞను ఎరిగిన మనకు ఇది తెలిసియుండవలసినదే.

ప్రభువే తన శిష్యులను మనుష్యులను పట్టు జాలరులుగా చేసెద నన్నాడు గదా యని ఒకరు అడుగవచ్చును. మంచి ప్రశ్న. లూకా 5:10లో పట్టుటకు వాడబడిన గ్రీకు మాటకు ప్రాణముతో పట్టుట యని అర్థము. జాలరి పట్టిన చేప చచ్చును. ప్రభువు పట్టినవాడు బ్రదుకును. బ్రదికియున్నవానికి మనస్సున్నది, ఇష్టమున్నది, కాదను స్వేచ్ఛయున్నది.

రెండవ తప్పు, దీపముమీద కుంచము బోర్లించుట. నంద్యాలలో పాత పుస్తకములు చవుకగా దొరకు దుకాణమేదో తెలిసినవాడు స్నేహితునికి చెప్పును. ఏ అధ్యాపకుడు లెక్కలు తేటగా చెప్పునో అదియు చెప్పును. తనను భయములో నిలిపినది, తన తండ్రిచేత త్రాగుడు మాన్పించినది, తన తల్లి కన్నీళ్లు తుడిచినది ఏదో దానిని గూర్చి మాత్రము మూడేండ్లు నోరు మెదపడు. గౌరవము కొరకు ఊరకుంటినని అనుకొనును. కాని తన స్నేహితుడు ఒక మాట విని, ఆలోచించి, ఔననో కాదనో చెప్పగలవాడని నమ్మకపోవుట గౌరవమా? మన గని గ్రామపు ప్రక్కనున్న బీడు భూములలో 2017లో పూర్తియైన సౌరవిద్యుత్ కేంద్రమును మీరందరు చూచినారు. వేయి మెగావాట్ల కేంద్రమది. ఆ పలకలలో దేనికిని సొంత వెలుగు లేదు. సూర్యుని యెదుట కప్పు లేక నిలుచుటయే వాటి పని. గోనెపట్ట కప్పిన పలక ఎంత విలువైనదైనను ఎవరి యింట దీపము వెలిగించదు.

కాబట్టి ఎర వేయరాదు, కుంచము బోర్లించరాదు. మరి మిగిలిన త్రోవ ఏది? దానిని తెలిసికొనుటకు మన దేశ చరిత్రలోని ఒక సంగతి సహాయపడును.

మన రాజ్యాంగపు 25వ అధికరణము ప్రతి మనుష్యునికి మనస్సాక్షి స్వేచ్ఛను, తన మతమును అవలంబించి, ఆచరించి, ప్రచారము చేసికొను హక్కును ఇచ్చుచున్నది. ప్రచారము అను మాట అక్కడ ఉండవలెనా వద్దా యని 1948 డిసెంబరు 6న రాజ్యాంగ సభలో గట్టి చర్చ జరిగెను. ఆ మాటకు అనుకూలముగా పలికినవారిలో టి.టి. కృష్ణమాచారి ఒకరు. ఆయన హిందువు, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివినవాడు, తరువాత దేశ ఆర్థిక మంత్రియైనవాడు. తాను పదునాలుగేండ్లు క్రైస్తవ విద్యాలయములలో చదివితిననియు, తనను మతము మార్చుటకు అక్కడ ఎవరును ప్రయత్నింపలేదనియు, అయినను తన ఆదర్శములమీద క్రైస్తవ్యపు ప్రభావమును తాను ఎరుగుదుననియు ఆయన సభలో చెప్పెను. ప్రియులారా, దీనిని నిదానముగా ఆలోచించుడి. ఈనాడు మనము సువార్త చెప్పుటకు ఆధారమైన హక్కు కొరకు, బలవంతమునకు లోనుకాని ఒక విద్యార్థి లేచి సాక్ష్యమిచ్చెను. ఆయనను గాలముతో లాగియుండినయెడల ఆ దినమున ఏమి చెప్పియుండునో!

1977లో స్టానిస్లాస్ అను యాజకుని వ్యాజ్యెములో మన సుప్రీము కోర్టు తీర్పు చెప్పుచు, ప్రచారమనగా తన మత సిద్ధాంతములను వివరించి వ్యాపింపజేయుట యనియు, ఇతరుని మతము మార్చుటకు ఎవరికిని ప్రాథమిక హక్కు లేదనియు పలికెను. ఆ తీర్పు క్రైస్తవులలో అనేకులను నొప్పించెను. దాని న్యాయపు లోతులు వకీళ్లు చర్చింతురు గాక. మేము చెప్పునది ఇంతే: మారుమనస్సు మన చేతిలోనిది అని మన వేదమును చెప్పలేదు. లూదియ హృదయమును తెరచినది ప్రభువే గాని పౌలు కాడు (అపొ. కార్య. 16:14). పౌలు మాటలాడెను, అదే అతని పని.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ వచ్చును. కె.సి. కాలువలో కొట్టుకొనిపోవుచున్నవానిని, నీ యిష్టమేమని అడుగక, జుట్టు పట్టి ఒడ్డుకు లాగుదుము గదా. ఆత్మ నశించుచుండగా మర్యాదలు పాటించుచు కూర్చుందుమా? ఈ మాటలో ప్రేమయున్నది. దానిని మేము తేలికగా త్రోసివేయము. అయితే దేహమును జుట్టు పట్టి లాగవచ్చును గాని విశ్వాసమును లాగలేము. లాగబడి వచ్చినది విశ్వాసము కాక వేరొకటియై యుండును. ఐశ్వర్యవంతుడైన యౌవనస్థుడు ప్రభువునొద్దకు వచ్చినప్పుడు ప్రభువు అతనిని చూచి ప్రేమించెనని మార్కు వ్రాయుచున్నాడు. వెల ఎంతో దాచక చెప్పెను. అతడు దుఃఖపడి వెళ్లిపోయెను. ప్రభువు వెంట పరుగెత్తలేదు, వెల తగ్గించలేదు, ప్రేమను వెనుకకు తీసికొనెనని ఎక్కడను వ్రాయబడలేదు.

వెలను గూర్చి మేము ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. ఏలయనగా చెప్పువాడు చెల్లించు వెల కొంచెము; వినువాడు చెల్లించు వెల మెండు. బందరులో రాబర్టు నోబుల్ దొరగారు 1843లో పాఠశాల ప్రారంభించిరి. తొమ్మిదేండ్లు బోధించిన తరువాత, 1852లో, ఇద్దరు అగ్రవర్ణ విద్యార్థులు బాప్తిస్మము పొందగా ఊరు అల్లకల్లోలమై పాఠశాల దాదాపు ఖాళీ అయ్యెను. ఆ పిల్లలు కన్నవారి ఇంటి గడపను పోగొట్టుకొనిరి. నేడును గడపలు మూతపడుచున్నవి. అంతేకాదు, 1950వ సంవత్సరపు షెడ్యూల్డు కులముల ఉత్తర్వు ప్రకారము ఆ కులపు విద్యార్థి క్రైస్తవుడైనయెడల ఆ హోదాను కోల్పోవును. మన రాష్ట్రములో బి.సి.-సి జాబితాలోనికి చేరును. ఇందువలన ఉపకార వేతనము, సీటు, ఉద్యోగము అన్నిటికిని ముడి యున్నది. ఈ ఏర్పాటు న్యాయమా యన్నది వేరొక దినమున చర్చింపదగిన సంగతి. కాని స్నేహితుడు ఇవన్నియు ఎరుగకుండ అడుగు వేయునట్లు చేయుట సాక్ష్యము కాదు. గోపురము కట్టదలచినవాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కింపవలెనని ప్రభువే చెప్పెను (లూకా 14:28). సంతోషమును చెప్పినవాడు సిలువనుకూడ చెప్పవలెను. అతనికి ఇల్లు మూతపడినయెడల నీ యిల్లు తెరువగలవా యని నిన్ను నీవు ప్రశ్నించుకొనవలెను.

ఇల్లు తెరచుట యనగా ఏమో భక్తసింగు గారి చరిత్ర చూపుచున్నది. ఆయన పంజాబు దేశపు సిక్కు కుటుంబములో పుట్టి, బాల్యమున మిషను పాఠశాలలో తనకిచ్చిన బైబిలును చించివేసినవాడు. 1929లో కెనడాలోని విన్నిపెగ్ నగరములో ఇంజనీరింగు విద్యార్థిగా నుండి, ఒక క్రైస్తవ మిత్రుని తానే అడిగి క్రొత్త నిబంధన తీసికొని చదివెను. జాన్ హేవర్డ్, ఈడిత్ అను దంపతులు పరదేశియైన ఆ విద్యార్థికి తమ బల్లయొద్దను తమ యింటను చోటిచ్చిరి. 1932లో ఆయన బాప్తిస్మము పొంది, 1933లో ఈ దేశమునకు తిరిగివచ్చి, తరువాత హైదరాబాదు హెబ్రోను కేంద్రముగా మన తెలుగువారి మధ్య బహుగా ప్రయాసపడి, 2000 సెప్టెంబరు 17న ప్రభువునందు నిద్రించెను. ఆయనతో మనము ఏకీభవింపని సంగతులున్నను, ఒకటి నేర్చుకొందము. బాల్యములో ఇయ్యబడినప్పుడు చించివేసిన గ్రంథమునే, యౌవనమున తానై అడిగి పుచ్చుకొనెను. అడుగదగిన మిత్రుడు ఒకడు దగ్గర నుండెను. పేతురు చెప్పినదియు అదే గదా: మన నిరీక్షణకు హేతువు అడుగువానికి సాత్వికముతోను భయముతోను ఉత్తరమిచ్చుటకు సిద్ధముగా నుండవలెను (1 పేతురు 3:15).

ఈ పనిలో విద్యార్థులు ఒంటరివారు కారు. మన దేశములో స్టూడెంటు క్రిస్టియన్ మూవుమెంటు 1912లోను, యు.ఇ.ఎస్.ఐ. 1954లోను ఏర్పడినవి. విద్యార్థులే తోటి విద్యార్థులకు సాక్షులు కావలెనను తలంపు ఈ పరిచర్యలలో మొదటినుండి యున్నది. పాదిరి హాస్టలు గదిలో నివసింపలేడు. నివసించు పిల్లవాని బ్రదుకే అక్కడ చదువబడు పత్రిక.

ఇన్ని మాటల తరువాత, మా పిల్లల ప్రశ్నకు ఒక్క మాటలో ఉత్తరమియ్యవలసినయెడల ఈలాగు చెప్పుదుము. చెప్పుడి, కాని చెప్పిన తరువాతి దినమున మిమ్మును మీరు పరీక్షించుకొనుడి. నీ స్నేహితుడు విని, ఆలోచించి, "వద్దు" అన్నాడు. మరునాటి ఉదయము అతనికి టీ తెచ్చుదువా? అతడు పరీక్ష తప్పినయెడల మునుపటివలె ప్రక్కన కూర్చుందువా? అతని ఇంటి పండుగకు పిలిచినప్పుడు నీ మనస్సాక్షి చెడకుండ వెళ్లి, వాళ్ల అమ్మకు నమస్కారము చేసి, యోగక్షేమములు విచారింతువా? అట్లు చేయగలిగినయెడల నీ స్నేహము మొదటినుండి నిజమైనదే. అతడు కాదన్న దినముననే నీకు పని తీరిపోయినట్లు తోచినయెడల, అది స్నేహము కాదు, గాలమే. ఈ పరీక్షకు నిలిచిన స్నేహమునకు వాక్యము చెప్పు హక్కున్నది. అట్టివాని నోటి మాటనే లోకము వినును.

తలిదండ్రులకు ఒక మనవి. మీ బిడ్డలు అన్యమత స్నేహితులను ఇంటికి తెచ్చినప్పుడు అనుమానముగా చూడకుడి; అన్నము పెట్టుడి. సంఘపెద్దలకు ఒక మనవి. సెలవులకు వచ్చిన విద్యార్థులను, ఎందరిని తెచ్చితిరని అడుగకుడి. ఎవరికొరకు ప్రార్థించుచున్నారని అడుగుడి. లెక్క అడిగిన సంఘము గాలములను తయారుచేయును. పేరు అడిగిన సంఘము స్నేహితులను తయారుచేయును.

ప్రార్థన: మమ్మును స్నేహితులని పిలిచిన ప్రభువా, మేము నిన్ను కాదన్న దినములలోను మమ్మును విడువనివాడా, దూరపు ఊళ్లలో చదువుకొనుచున్న మా బిడ్డలను కాపాడుము. వారి గదులలో నున్న ప్రతి బిడ్డను నీవు ముందే చూచియున్నావని వారికి జ్ఞాపకము చేయుము. మాటలాడుటకు ధైర్యమును, ఊరకుండుటకు ఓర్పును, విడువక ప్రేమించుటకు నీ మనస్సును దయచేయుము. ఆమేన్.