కొండ మీద నిదానం

మంచు చిరుతను చూడాలని ఉందా? అయితే ముందు నిదానం అలవాటు చేసుకోవాలి.

అది కనిపించే హెమిస్ జాతీయ ఉద్యానం లద్దాఖ్‌లో ఉంది. విమానం దిగేది లేహ్‌లో. అక్కడ గాలి పలచన. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అందుకే మొదటి ఒకటి రెండు రోజులు ఏ పనీ పెట్టుకోవద్దంటారు. హైదరాబాద్ నుంచి అంత డబ్బు పోసి వెళ్లినవాళ్లకు ఈ మాట మింగుడుపడదు. కానీ కొండ మన తొందర వినదు. నిదానమే అక్కడ మందు.

తర్వాత చలికాలపు లోయ. ఎదురుగా బూడిద రంగు బండలు. గైడు టెలిస్కోపులో కన్ను పెట్టి గంటల తరబడి ఒకే కొండను చూస్తాడు. భరల్ అనే అడవి గొర్రెలు మేస్తూ మేస్తూ ఒక్కసారిగా తలలెత్తుతాయి. అవి చూసే వైపే మనమూ చూడాలి. ఇందాకటి నుంచి బండ అనుకున్నదే తోక కదుపుతుంది. ఎంత తోకో! పడుకున్నప్పుడు దాన్నే దుప్పటిలా ముఖానికి చుట్టుకుంటుంది. కొందరికి ఈ భాగ్యమూ ఉండదు. అడుగుజాడలతోనే సరి.

ఇదే చిరుత రాత్రిపూట దొడ్లోకి దూకితే ఒక్క గొర్రెతో ఆగదు. పూర్వం ఊరివాళ్లు కోపంతో దాన్ని చంపేవారు. ఇప్పుడు దొడ్లకు పైన ఇనుప వల కప్పుతున్నారు. రుంబాక్ లాంటి ఊళ్లలో ఆడవాళ్లు తమ ఇళ్లలోనే అతిథులకు గది, భోజనం ఇస్తున్నారు. చిరుత బతికుంటేనే ఆ ఇంటికి రాబడి. మీరు వెళ్తే, ఆ ఇళ్లలోనే దిగండి. నిదానంగా ఉండి రండి.