జీర్ణోద్ధరణము

పాత ఓడబొమ్మ నొకదానిని ఇద్దరు మిత్రులు కలసి బాగుచేయుదు రనుకొందము. పుచ్చిన పలక నొకరు తీయగా, క్రొత్తదానిని వేరొకరు చెక్కి అమర్తురు. పలకలన్నియు మారిన పిదప అది పాత ఓడయేనా? ఏథెన్సు నగరమున థీసియసు నావను గూర్చి తార్కికు లిట్లే వాదులాడిరని ప్లూటార్కు వ్రాసెను. వాదము తేలలేదు.

మన ఆగమముల త్రోవ వేరు. తిరుమలలో 12 ఏండ్ల కొకమారు అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణము జరుగును. 2018 ఆగస్టులోను జరిగినది. అప్పుడు మూలమూర్తి శక్తిని కుంభమున ఆవాహన చేసి బాలాలయమునకు వేంచేపు చేయుదురు. బంధనము సరిచేసిన పిదప మరల మూర్తియందు చేర్తురు. నడుమ పూజ ఆగదు. మారరాని దేదో ముందుగా నెరిగి, దానిని భద్రపరచిన తరువాతనే మరమ్మతు.

శ్రీకాళహస్తి చేరువ మాధవమాల కొయ్యశిల్పి కైనను, ఆ మిత్రుల కైనను చిక్కు ఇచ్చటనే యున్నది. తొలి పనివాని గీత వంకరపోయినచోట తన నేర్పు చూపవలెనని ఉలికి ఉబలాటము. ఆ వంకరయే ఆతని చేవ్రాలు కావచ్చును. ప్రక్కనున్నవాడు “అది అట్లే యుండనిమ్ము” అన్నపుడే ఉలి క్రిందికి దిగును.