పాత ఫోను మార్చవలెనా?

చేతిలోని ఫోను పనిచేయుచుండగా క్రొత్తది కొనుట తగునా? ఇది చిన్న ప్రశ్నగా కనబడును. గాని షోలాపూరులో, బరంపురములో, బెంగుళూరులో స్థిరపడిన మనలో అనేకులు స్వగ్రామములోని తల్లి ముఖము చూచునదియు, ఆమెకు డబ్బు పంపునదియు ఈ ఫోను ద్వారానే. గనుక నిదానముగా యోచింతము.

ఫోను పాతబడుట రెండు విధములు. మొదటిది బ్యాటరీ అరుగుట. చార్జి చేసినకొలది దాని శక్తి కొంచెము కొంచెముగా తగ్గును. బ్యాటరీ అరిగిన పాత ఐఫోనులు హఠాత్తుగా ఆగిపోకుండునట్లు వాటి వేగమును తగ్గించితిమని 2017 డిసెంబరులో ఆపిల్ కంపెనీ ఒప్పుకొనెను. 2018లో తక్కువ ధరకు బ్యాటరీలు మార్చి ఇచ్చెను. ఫోనుకే కాలము తీరినదని అనేకులు తలంచిరి గాని, అరిగినది బ్యాటరీయే. అట్టి దానిని పారవేయనక్కరలేదు, బ్యాటరీ మార్చిన చాలును.

రెండవది కంటికి కనబడదు. అది సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోవుట. అనగా దొంగలు చొరబడు సందులను కంపెనీ ఇక మూయదు. 2023లో వచ్చిన గూగుల్ పిక్సెల్ 8కును, 2024లో వచ్చిన శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24కును 7 సంవత్సరములు అప్‌డేట్లు ఇచ్చెదమని ఆ కంపెనీలు మాట ఇచ్చినవి. చౌక ఫోనులలో అనేకములకు అంత కాలము లేదు. అద్దము పగలకపోయినను, ఈ కాపుదల లేని ఫోనులో బ్యాంకు పనులు చేయుట క్షేమము కాదు.

కాబట్టి పొరుగువాని చేతిలో క్రొత్తది చూచి మనదానిని మార్చుట అవసరము అనిపించుకొనదు. ఇంకను వెలుగుచున్నది గదా అని కాపుదల లేనిదానితోనే డబ్బు పంపుచుండుట పొదుపు అనిపించుకొనదు.

అయితే అసలు పరీక్ష క్రొత్తది కొన్న తరువాత వచ్చును. పాతది ఎక్కడికి పోవును? మన ఇండ్లలో చాలమట్టుకు అది అమ్మకో నాన్నకో చేరును. "అమ్మకు ఇది చాలులే" అందుము. బ్యాటరీ మార్పించి, అప్‌డేట్లు వచ్చుచున్న ఫోను ఇచ్చినయెడల అది మంచి కానుకయే. గాని క్షేమము కాదని మనము విడిచిన ఫోనులో ఆమె పింఛను డబ్బు ఉంచుట న్యాయమా? మోసగాడు ఫోను చేసి ఓటీపీ అడిగినప్పుడు సందేహించుట మనకంటె ఆమెకే కష్టము. కాపుదల ఎక్కువ అవసరమైనవారికి తక్కువ కాపుదల ఇచ్చి, దానిని ప్రేమ అని ఎట్లు చెప్పగలము?

అట్టి ఫోనును మాటలకు, పాటలకు మాత్రమే ఉంచవచ్చును. అదియు పనికిరానిచో చెత్తబుట్టలో వేయక, ఎలక్ట్రానిక్ చెత్త సేకరించువారికి అప్పగింపవలెను. 2022లో లోకమంతట 6 కోట్ల టన్నులకు పైగా అట్టి చెత్త పోగుపడగా, సక్రమముగా సేకరింపబడినట్లు లెక్కకు వచ్చినది నాలుగవ వంతుకంటె తక్కువ.

ఈసారి ఊరికి వెళ్లినప్పుడు అమ్మ ఫోనులో సెట్టింగులు తెరచి, చివరి సెక్యూరిటీ అప్‌డేటు తేదీ చూడుడి. క్రొత్త ఫోను ముందుగా ఎవరికి కావలెనో అక్కడ తెలియును.