ఎవరికి జవాబు చెప్పాలి?

(ఒకరు డిగ్రీ కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు. మరొకరు ఆయన దగ్గర చదువుకుని, బట్టలు, చెప్పులు తయారుచేసే ఫ్యాక్టరీల్లో కార్మికుల పరిస్థితులను తనిఖీ చేసే ఉద్యోగంలో ఉన్న ఆడిటర్. ఇద్దరూ ఈ వ్యాసం కోసం కల్పించిన పాత్రలే. వాళ్లు ప్రస్తావించే ఘటనలు మాత్రం జరిగినవి.)

ఆడిటర్: మాస్టారూ, మా వృత్తిలో ఉన్నవాళ్లు తప్పించుకోలేని కథ ఒకటుంది. కరాచీలోని బల్దియా టౌన్‌లో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీ ఉండేది. జర్మనీకి చెందిన కిక్ అనే చౌక దుస్తుల సంస్థ దానికి ప్రధాన బయ్యర్. 2012 ఆగస్టులో ఆ ఫ్యాక్టరీకి ఎస్‌ఏ 8000 సర్టిఫికెట్ వచ్చింది. అంటే భద్రత, పని గంటలు, జీతాలు అన్నీ సక్రమంగా ఉన్నాయని బయటి తనిఖీదారులు చెప్పినట్టు. కొన్ని వారాలకే, సెప్టెంబరు 11న, మంటలు లేచాయి. కిటికీలకు ఇనుప చువ్వలు. బయటికి పోయే దారులు మూసి ఉన్నాయి. 250 మందికి పైగా చనిపోయారు.

మాస్టారు: ఆ నిప్పు ఎలా పుట్టింది?

ఆడిటర్: అక్కడే చిక్కు. మొదట షార్ట్ సర్క్యూట్ అనుకున్నారు. తర్వాత, మామూళ్లు ఇవ్వలేదని కావాలనే తగలబెట్టారని దర్యాప్తులో తేల్చారు. 2020లో కరాచీలోని ఉగ్రవాద వ్యతిరేక కోర్టు ఇద్దరికి మరణశిక్ష వేసింది. దాంతో తప్పు ఎవరిదో తేలిపోయిందని మావాళ్లు కొందరు స్థిమితపడ్డారు.

మాస్టారు: నిప్పు పెట్టిందెవరో తేలింది. లోపలివాళ్లు బయటికి ఎందుకు రాలేకపోయారో అందులో తేలలేదుగా. ఒక్క దోషి దొరికితే చాలు, తక్కినవాళ్లంతా ఊపిరి పీల్చుకుంటారు. కానీ అక్కడ నాలుగు పనులు జరిగాయి. ఒకడు నిప్పు పెట్టాడు. ఒకడు దారి మూశాడు. ఒకడు అంతా బాగుందని రాశాడు. ఒకడు ఆ రాత చూసి ఆర్డరిచ్చాడు. మొదటివాడి నేరం ఎంత పెద్దదైనా, మిగతా ముగ్గురి ఖాతాలోంచి పైసా కూడా తీసేయలేం.

ఆడిటర్: మా సమావేశాల్లో దీన్నే ఇంకోలా చెబుతారు. బాధ్యత అందరూ పంచుకోవాలంటారు. ఫ్యాక్టరీది కొంత, బ్రాండ్‌ది కొంత, ప్రభుత్వానిది కొంత, కొనేవాళ్లది కొంత.

మాస్టారు: ఆ ‘కొంత’ దగ్గరే నాకు అనుమానం. దారి మూసినవాడు ఆ రోజు తెరిచి ఉంచితే ఎంతోమంది బతికేవారు. రాసినవాడు ఉన్నదున్నట్టు రాసినా బతికే అవకాశం ఉండేది. ఎవరికి వారు విడిగా ఆపగలిగినప్పుడు, ఒక్కొక్కరిదీ పావు వంతు అని ఎలా అంటాం? ప్రతివాడిదీ పూర్తి బాధ్యతే.

ఆడిటర్: అందరిదీ పూర్తిగా అంటే చివరికి ఎవరిదీ కాకుండా పోతుంది మాస్టారూ. ఆ కుటుంబాల అనుభవమే చూడండి. 2015లో నలుగురు కలిసి జర్మనీలోని డార్ట్‌మండ్ కోర్టులో కిక్ మీద దావా వేశారు. 2019 జనవరిలో కోర్టు కొట్టేసింది. పాకిస్తాన్ చట్టం ప్రకారం గడువు దాటిపోయిందట. ఆ సంస్థ అసలేమీ ఇవ్వలేదని కాదు. 2016లో అంతర్జాతీయ కార్మిక సంస్థ పూనుకోవడంతో 51.5 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది.

మాస్టారు: ఇచ్చింది, సంతోషం. అయితే, ‘మీ కొనుగోలు పద్ధతికీ మా పిల్లల చావుకీ సంబంధం ఉందా లేదా’ అని వాళ్లు అడిగినదానికి ఎవరైనా జవాబు చెప్పారా?

ఆడిటర్: లేదు. కేసు అక్కడిదాకా పోనేలేదు.

మాస్టారు: నా వాదనంతా అక్కడ మొదలవుతుంది. డబ్బు దయతోనూ ఇవ్వొచ్చు. ఎంత ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో దయగలవాడే నిర్ణయిస్తాడు. బాధ్యత అనాలంటే, నష్టపోయినవాడు ‘చెప్పు’ అని నిలదీయగలగాలి, రెండోవాడు చెప్పక తప్పని స్థితిలో ఉండాలి. ఈ రెండూ లేనిచోట ఎన్ని విధాన పత్రాలు అచ్చువేసినా అవి మంచి ఉద్దేశాలు మాత్రమే.

ఆడిటర్: సర్టిఫికెట్ కూడా ఒక రకంగా జవాబే కదా?

మాస్టారు: ఎవరికి?

ఆడిటర్: బయ్యర్‌కి. తనిఖీకి డబ్బు కట్టేది ఫ్యాక్టరీ లేదా బయ్యర్. రిపోర్టు వాళ్ల సొత్తు. నేను ఎవరి గురించి రాస్తానో ఆ టైలర్లు దాన్ని చూడనే చూడరు.

మాస్టారు: అంటే ప్రాణం ఎవరిదో వాళ్లకు తప్ప అందరికీ జవాబు అందుతోంది.

ఆడిటర్: రాణా ప్లాజా విషయంలో నాకు ఇదే అనిపిస్తుంది. ఢాకా దగ్గర సావర్‌లో ఎనిమిదంతస్తుల భవనం. 2013 ఏప్రిల్ 23న గోడల్లో పగుళ్లు కనిపించాయి. అదే భవనంలో ఉన్న బ్యాంకు తన ఉద్యోగులను రావొద్దంది. బట్టల యూనిట్ల కార్మికులను మాత్రం మర్నాడు పొద్దున లోపలికి పంపారు. రాకపోతే జీతం పోతుందని బెదిరించారు. కాసేపటికే భవనం కూలిపోయింది. 1,134 మంది చనిపోయారు. అందులో రెండు యూనిట్లు అంతకుముందు ఆడిట్ అయినవే.

మాస్టారు: పగులు బ్యాంకు గుమస్తాకూ కనిపించింది, టైలరుకూ కనిపించింది. మరి తేడా ఎక్కడుంది?

ఆడిటర్: ‘నేను రాను’ అనగలగడంలో.

మాస్టారు: వాళ్లను లోపలికి తోసిన తొందర ఎక్కడినుంచి వస్తుంది?

ఆడిటర్: యజమానుల నిర్దయ ఒక్కటే అంటే అది సగం నిజం. మా రంగంలో ఓడ తేదీ దాటితే బయ్యర్ ధర కోస్తాడు, లేదంటే ఫ్యాక్టరీ తన ఖర్చుతో విమానంలో పంపాలి. ఏడాదికేడాది పీసు ధర తగ్గించమని అడుగుతారు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడైతే, కుట్టేసిన సరుకు కూడా మాకొద్దని ఆర్డర్లు రద్దు చేసిన బ్రాండ్లున్నాయి.

మాస్టారు: ధర, గడువు పెట్టేది ఒకరు. ఆ ధరలో, ఆ గడువులో చట్టం పాటించి చూపించాల్సింది ఇంకొకరు. నువ్వు తనిఖీ చేసేది ఎవరిని?

ఆడిటర్: రెండోవారిని. బ్రాండ్ల కొనుగోలు విభాగాన్ని ఆడిట్ చేయమని నన్నెవరూ పిలవలేదు.

మాస్టారు: రాణా ప్లాజా తర్వాత ఏదో ఒప్పందం వచ్చిందన్నారే?

ఆడిటర్: అకార్డ్. 2013 మేలో కుదిరింది. ఇండస్ట్రియాల్, యూనీ అనే అంతర్జాతీయ కార్మిక సమాఖ్యలు ఒకవైపు, బ్రాండ్లు మరోవైపు. సంతకం చేసిన సంస్థలు 200 దాటాయి. ఇంజనీర్లు వచ్చి భవనాలు, కరెంటు, అగ్నిమాపక ఏర్పాట్లు చూసేవారు. ఏ ఫ్యాక్టరీలో ఏ లోపం ఉందో అందరూ చదివేలా బయటపెట్టేవారు. ప్రమాదకరమైన పని చెయ్యనని చెప్పే హక్కు కార్మికులకు ఉంది. మరమ్మతులకు డబ్బు సమకూరేలా చూడాల్సిన పూచీ బ్రాండ్లది. ముఖ్యంగా, మాట తప్పితే మధ్యవర్తి న్యాయస్థానానికి లాగొచ్చు. 2016లో రెండు బ్రాండ్ల మీద యూనియన్లు హేగ్‌లో కేసులు వేశాయి. రెండూ రాజీతో ముగిశాయి. ఒకదాంట్లోనే 23 లక్షల డాలర్లు కట్టించారు.

మాస్టారు: కరాచీ కుటుంబాల చేతిలో లేనిది ఢాకా యూనియన్ల చేతికి వచ్చింది. బ్రాండ్ల మనసు మారిందా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు. వాళ్లను అడగడానికి ఒక చోటు ఏర్పడింది.

ఆడిటర్: మన పక్కనే ఇంకో ఉదాహరణ ఉంది. 2021 జనవరిలో తమిళనాడులో ఎగుమతి దుస్తుల ఫ్యాక్టరీలో పనిచేసే దళిత యువతి హత్యకు గురైంది. నిందితుడు ఆమె సూపర్‌వైజరే. దళిత మహిళలు నడిపే ఒక యూనియన్ పోరాడింది. 2022 ఏప్రిల్‌లో దిండిగల్ ఒప్పందం కుదిరింది. హెచ్ అండ్ ఎమ్, గ్యాప్, పీవీహెచ్ అనే బ్రాండ్లు కూడా కట్టుబడ్డాయి. కుట్టు లైన్లలో పనిచేసే ఆడవాళ్లలోంచే కొందరికి వేధింపులను గమనించి, ఫిర్యాదు చేయించే శిక్షణ ఇచ్చారు. ఏడాదికోసారి వచ్చే నాకు భయపడి చెప్పని మాట, పక్క మిషను మీద కూర్చున్న మనిషికి చెబుతారు.

మాస్టారు: మరి నీకు ఇంకా ఏం అభ్యంతరం?

ఆడిటర్: రెండున్నాయి. మొదటిది పొట్టకూటిది. షరతులు బిగిస్తే ఆర్డర్లు పక్క దేశానికి పోతాయి. ఊళ్లో కూలి తప్ప తెలియని అమ్మాయి మొదటిసారి బ్యాంకు ఖాతా తెరిచింది ఈ ఫ్యాక్టరీ వల్లే. ఆమెకు భద్రత పేరు చెప్పి పని పోగొడితే అది న్యాయమా?

మాస్టారు: కాదు. ఆమె ముందు పనా, ప్రాణమా అని పెట్టడమే అన్యాయం. ఆ రెంటిలో ఒకటే దొరుకుతుందని ఎవరు నిర్ణయించారు? షోరూములో చొక్కా ధరలో కుట్టుకూలి చాలా చిన్న భాగమని నువ్వే ఒకసారి చెప్పావు. ఆర్డర్లు పక్క దేశానికి పోతాయనే భయం నిజమే. అందుకే ఒక్క ఫ్యాక్టరీకో ఒక్క దేశానికో షరతు పెడితే చాలదు. కొనేవాడు ఎక్కడ కొన్నా అతని వెంట వచ్చే షరతు కావాలి.

ఆడిటర్: ఆ దిశగా కొంత నడిచారు. ఫ్రాన్స్ 2017లో, జర్మనీ 2021లో చట్టాలు చేశాయి. పెద్ద కంపెనీలు తమకు సరుకు పంపే విదేశీ ఫ్యాక్టరీల్లో ఏం జరుగుతోందో పట్టించుకోవాలని వాటి సారాంశం. 2023 నుంచి అకార్డ్ పాకిస్తాన్‌లోకీ వచ్చింది.

మాస్టారు: రెండో అభ్యంతరం?

ఆడిటర్: అది మీ సిద్ధాంతం మీదే. నిలదీయగలిగిన మనిషి ఉంటేనే బాధ్యత అన్నారు. మరి నది ఏం నిలదీస్తుంది? పాలారు కర్ణాటకలో పుట్టి, మన కుప్పం పక్కనుంచి తమిళనాడులోకి దిగుతుంది. అక్కడ వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట వరుసగా తోళ్ల ఊళ్లే. తోలును క్రోమియం ఉప్పుతో పదును చేస్తారు. మన్నికైన మెత్తని తోలు బూట్లై యూరప్ చేరుతుంది. ఉప్పునీళ్లు, క్రోమియం ఇక్కడే భూమిలోకి ఇంకుతాయి. సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతో పూర్తిగానో పాడైందన్న అంచనా సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. అది 1996 నాటి వెల్లూరు పౌరుల సంక్షేమ వేదిక కేసు. కలుషితం చేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రం మన చట్టంలో భాగమని కోర్టు అప్పుడే చెప్పింది.

మాస్టారు: నది తరఫున అడిగింది ఎవరో నీ మాటలోనే ఉంది. ఊరివాళ్లు. నష్టపోయినవాడికి నోరు లేనప్పుడు, అతని తరఫున అడిగే హక్కు ఇంకొకరికి ఉండాలి. ఇంకా పుట్టని పిల్లల విషయమూ అంతే. పర్యావరణం ఒక ఫైలు, కార్మికుల సంక్షేమం ఇంకో ఫైలు అని మీ కంపెనీలు విడగొడతాయి. పాలారు ఒడ్డున ఆ నీళ్లు తాగే మనిషీ, ఆ తోళ్ల యూనిట్లలో పనిచేసే మనిషీ ఒకే ఇంటివాళ్లు కావొచ్చు.

ఆడిటర్: నిజమే. 2015 జనవరిలో రాణిపేటలో తోళ్ల మురుగును శుద్ధి చేసే కేంద్రంలోనే బురద తొట్టి గోడ కూలింది. పక్క తోళ్ల యూనిట్లో నిద్రపోతున్న పదిమంది కార్మికులు చనిపోయారు. అయినా ఒక మాట అడగనివ్వండి. 1996లోనే సూత్రం వచ్చిందంటున్నాం. 2025 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ ఇదే పాలారు మీద తీర్పివ్వాల్సి వచ్చింది. బాధితులకు పరిహారం ఇవ్వాలనీ, కాలుష్యాన్ని పర్యవేక్షించడానికి కమిటీ వేయాలనీ. అడిగే చోటు దొరికి దాదాపు ముప్పై ఏళ్లయినా జవాబు పూర్తిగా రాలేదే!

మాస్టారు: బలమైన దెబ్బే కొట్టావు. అడిగే హక్కు ఉంటే చాలనుకోవడం నా అమాయకత్వమే అవుతుంది. అడిగినకొద్దీ అలసిపోయేది ఎప్పుడూ బలహీనుడే. కలుషితం చేసినవాడు అంటే తోలు పదును చేసేవాడు ఒక్కడేనా, ఆ ధరకు ఆ తోలు కొనేవాడు కూడానా అన్నది తేలకపోతే, చిన్న యూనిట్ల మీద జరిమానాలు పడుతూనే ఉంటాయి, నది అలాగే ఉంటుంది.

ఆడిటర్: మా తనిఖీ ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోతుంది కూడా. 2022 జూన్‌లో, మళ్లీ ఆగస్టులో, అచ్యుతాపురం సెజ్‌లో బట్టలు కుట్టే వందలమంది ఆడవాళ్లు విషవాయువులు పీల్చి ఆస్పత్రుల పాలయ్యారు. మొదటిసారి వేళ్లన్నీ పక్కనున్న రసాయన ల్యాబ్ వైపు చూపాయి. మా ప్రశ్నల పట్టికలో ‘పక్కింటి గాలి ఎలా ఉంది’ అన్న గడి ఉండదు.

మాస్టారు: మరి కొనేవాళ్ల సంగతేమిటి? నేనేం చేయాలో చెప్పు. తక్కువ కొనాలా?

ఆడిటర్: తక్కువ కొని ఎక్కువకాలం తొడుక్కుంటే మంచిదే. కానీ నన్నడిగితే, ఈ భారం మీ నెత్తిన పెట్టడంలో ఒక తెలివి ఉంది. సంతలో రెండొందలకు చీర కొనే ఆవిడకు అది ఎక్కడ అద్దారో తెలుసుకునే దారి లేదు. దారి ఉన్న కంపెనీ తప్పుకుని, దారి లేని మనిషిని సిగ్గుపడమంటోంది. మీరు కొనుగోలుదారుగా చేయగలిగినదానికన్నా పౌరుడిగా చేయగలిగింది ఎక్కువ. వెల్లూరు వాళ్లు చేసినట్టు.

మాస్టారు: ఒప్పుకుంటున్నాను.

ఆడిటర్: ఇంకొక్క మాట. యూనియన్ లేదు, ఒప్పందం లేదు, కోర్టుకెళ్లే స్తోమత లేదు. అలాంటి ఫ్యాక్టరీలే ఎక్కువ. మీ లెక్కన అక్కడ ఎవరికీ బాధ్యత లేనట్టేనా?

మాస్టారు: అప్పు పత్రం చింపేసినంత మాత్రాన బాకీ తీరుతుందా? అక్కడ బాధ్యత లేకపోవడం కాదు, అది వసూలు కాకుండా పేరుకుపోతోంది. ఆ బాకీలో మొదటి వాయిదా పరిహారం కూడా కాదు. అడగగలిగే చోటు కల్పించడం. యూనియన్ పెట్టుకోనివ్వడం, రిపోర్టు వాళ్ల భాషలో వాళ్ల చేతికివ్వడం, ఎవరు కొంటున్నారో వాళ్లకు తెలియనివ్వడం.

ఆడిటర్: అయితే నేను సంతకం పెట్టేముందు చూడాల్సింది కూడా మారుతుంది. లోపల తప్పు ఉందా లేదా అన్నదొక్కటే కాదు. తప్పు ఉందని పైకి చెప్పి, మర్నాడు మళ్లీ పనికి రాగలిగిన మనిషి ఆ ఫ్యాక్టరీలో ఉందా అని చూడాలి.

మాస్టారు: లేకపోతే?

ఆడిటర్: లేదని రాయాలి. అలా రాస్తే నన్ను మళ్లీ పిలవకపోవచ్చు.

మాస్టారు: అప్పుడు నీకూ ఆ టైలరుకూ తేడా లేదమ్మా. ఆమె కోసం అడుగుతున్న ఒప్పందం నీకూ కావాలి. నిజం రాసిన ఆడిటర్ పని ఊడిపోకుండా చూసే షరతు లేని ఏ సర్టిఫికెట్‌నైనా నేను నమ్మను. ముందు మీవాళ్లందరినీ కూడగట్టు.